కొట్టంలో పాము ఉంది, పాము కొట్టంలో ఉంది

(కడపలో డిగ్రీ విద్యార్థులు, డీఎస్సీ అభ్యర్థులు, ఉపాధ్యాయుల ముందు ఇంగ్లీషు ఆర్టికల్స్ మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు రెండు తెలుగు వాక్యాలు చెప్తాను, చెవిపెట్టి వినండి. ఒకటి, "కొట్టంలో పాము ఉంది." రెండోది, "పాము కొట్టంలో ఉంది." రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు మాటలు. కాని మొదటి వాక్యం విన్న మనిషి ఉలిక్కిపడతాడు, పాము సంగతి అతనికి అప్పుడే తెలిసింది కాబట్టి. రెండో వాక్యం వినే మనిషి అప్పటికే కర్ర పట్టుకుని ఆ పాము కోసమే వెతుకుతున్నాడు. అది ఎక్కడుందన్నదే అతనికి కావాలి.

ఇంగ్లీషులో మొదటిది "దేర్ ఈజ్ ఎ స్నేక్ ఇన్ ది షెడ్". రెండోది "ది స్నేక్ ఈజ్ ఇన్ ది షెడ్". మనం మాటను ముందుకూ వెనక్కూ జరిపి చేసిన పనినే వాళ్లు ఎ, ది అనే రెండు చిన్న మాటలతో చేస్తున్నారు. వ్యాకరణంలో ఆర్టికల్స్ అనేది వీటినే. షెడ్డుకు మాత్రం రెండుచోట్లా ది ఉంది, గమనించారా? ఏ కొట్టమో ఇంట్లో అందరికీ తెలుసు గనక.

అందుకే "తెలుగులో ఆర్టికల్స్ లేవు, కాబట్టి మనకు అవి పట్టుబడవు" అన్న మాటను నేను ఒప్పుకోను. ఆ మాటలు మనకు లేవు, నిజమే. ఆ తేడా మాత్రం మన నోట్లో రోజంతా ఆడుతూనే ఉంది. ఇంకో ఉదాహరణ. "మా తమ్ముడు బండి కొన్నాడు" అంటే ఏదో ఒక బండి. అదే "బండిని అమ్మేశాడు" అంటే ఇంట్లో ఉన్న బండి, మనకు తెలిసిన బండి. "బండిని కొన్నాడు" అని చూడండి, "ఏ బండిని?" అని వెంటనే అడగాలనిపిస్తుంది. ఆ "ని" చేరగానే చెవి ఒక ఫలానా బండిని వెతుక్కుంటుంది. మాట్లాడేటప్పుడు "ని"ని మనం మింగేస్తుంటాం కూడా, కాబట్టి ఇది శాసనం కాదు, ఒక గుర్తు. కాని మంచి గుర్తు. ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు సందేహం వస్తే, అదే మాటను తెలుగులో అనుకుని ముందు "ఆ" గాని "మన" గాని, వెనక "ని" గాని తగిలించి చూడండి. అతికినట్టు ఉంటే ది. ఎబ్బెట్టుగా ఉంటే ది కాదు.

ఇక్కడ అసలు కీలకం ఒక్కటే. ది పెట్టాలా వద్దా అన్నది వస్తువును బట్టి ఉండదు, మాట్లాడేవాడికి తెలుసా లేదా అన్నదాన్ని బట్టీ ఉండదు. వినేవాడిని బట్టి ఉంటుంది. మీరు నిన్న ప్రొద్దుటూరులో ఒక స్నేహితుణ్ణి కలిశారు. అతనెవరో మీకు బాగా తెలుసు. కాని నాకు తెలియదు. కాబట్టి నాతో "ఐ మెట్ ఎ ఫ్రెండ్" అనాలి. "ఐ మెట్ ది ఫ్రెండ్" అంటే నేను బిత్తరపోతాను, ఏ ఫ్రెండ్ అని.

బళ్లలో ఒక సూత్రం చెప్తారు. మొదటిసారి చెప్పేటప్పుడు ఎ, రెండోసారి ది. "దేర్ వాజ్ ఎ కింగ్. ది కింగ్ హాడ్ ఎ సన్." తప్పు కాదు, కాని ఇది ఆ పెద్ద సంగతిలో ఒక చిన్న ముక్క. రెండోసారి ది ఎందుకొచ్చింది? మొదటిసారి చెప్పినందువల్ల వినేవాడికి తెలిసిపోయింది గనక. వినేవాడికి వేరే దారిలో తెలిసినా చాలు, మొదటిసారే ది పెట్టవచ్చు. కడపలో నిలబడి "మీట్ మి ఎట్ ది బస్ స్టాండ్" అంటే చాలు, బస్టాండును ముందు పరిచయం చేయనక్కర్లేదు. "ది కలెక్టర్ ఈజ్ కమింగ్" అంటే జిల్లాకు ఒకే కలెక్టరు. అదే ఒక అమ్మాయి "నేను కలెక్టర్ అవుతాను" అంటే "ఐ వాంట్ టు బికమ్ ఎ కలెక్టర్", ఎందుకంటే కలెక్టర్లు ఎందరో, వాళ్లలో తానూ ఒకరవుతానంటోంది.

ఈ బస్సు వాక్యాలు ఒకసారి దగ్గరగా చూద్దాం. "ఐ గాట్ ఆన్ ఎ బస్ టు రాయచోటి. ది డ్రైవర్ వాజ్ ఇన్ ఎ హర్రీ. నియర్ ది ఘాట్ ఎ టైర్ బర్స్ట్." డ్రైవరును ఇంతకుముందు చెప్పలేదు, అయినా ది. బస్సు అనగానే డ్రైవరు దాని వెంటే వస్తాడు, ఒక్కడే ఉంటాడు, కాబట్టి ఎవరన్న ప్రశ్నే లేదు. టైరు కూడా బస్సు వెంట వచ్చేదే. మరి దానికి ఎ ఎందుకు? మామూలు ఆర్టీసీ బస్సుకు ముందు రెండు, వెనక నాలుగు, మొత్తం 6 టైర్లు. అందులో ఏది పగిలిందో వినేవాడికి తెలియదు. "ది టైర్ బర్స్ట్" అంటే బస్సుకు ఒకటే టైరన్నట్టు అవుతుంది. ఘాట్‌కు ది, ఆ దారిలో ఘాట్ ఒకటే అని వినేవాడికి తెలుసన్న నమ్మకంతో. తెలియని మనిషికి చెప్తుంటే దాన్నీ మార్చాలి. పెళ్లి గురించి రాసినా ఇంతే. "వి వెంట్ టు ఎ వెడ్డింగ్" అన్నాక "ది బ్రైడ్" అనాలి, "ఎ గెస్ట్" అనాలి. పెళ్లికూతురు ఒక్కతే, చుట్టాలు వందమంది.

ఇప్పుడు పని చేసే పద్ధతి చెప్తాను, రాసుకోండి. నామవాచకం దగ్గర ఆగండి. దాని ముందు మై, యువర్, దిస్, దట్, ఎవ్రీ, నో లాంటి మాట ముందే ఉందా? ఉంటే వదిలేయండి, అక్కడ ఆర్టికల్‌కు చోటు లేదు. "ది మై బుక్" అనరు, "ఎ మై ఫ్రెండ్" అనరు, "ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్" అంటారు. లేకపోతే మొదటి ప్రశ్న, ఏదో వినేవాడికి తెలుసా? తెలిస్తే ది, అది ఏకవచనమైనా బహువచనమైనా, లెక్కపెట్టేదైనా కాకపోయినా. తెలియకపోతే రెండో ప్రశ్న, ఒకటి రెండు అని లెక్కపెట్టగలమా, పెట్టగలిగితే ఇక్కడ ఉన్నది ఒకటేనా? ఒకటే అయితే ఎ లేదా యాన్. బహువచనమైనా, లెక్కకు రానిదైనా ఏమీ పెట్టకండి. ఎ, యాన్ రెండింట్లో ఏదన్నది చిట్టచివర, చెవితో తేల్చుకోవాలి. ఈ వరస తప్పొద్దు. మన పిల్లలు చాలామంది ఎ పెట్టాలా యాన్ పెట్టాలా అని మొదలుపెడతారు, అసలు అక్కడ ఆర్టికల్ కావాలా అన్నది అడగరు.

ఈ పద్ధతిలోంచి ఒక కచ్చితమైన నియమం పుడుతుంది. నన్నడిగితే మార్కులు పోయేది ఎక్కువ ఇక్కడే. కొన్ని పలుకుబళ్లు తప్పిస్తే, లెక్కపెట్టగల ఏకవచన నామం ఇంగ్లీషులో ఒంటరిగా నిలబడదు. దాని ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి, ఎ గాని, ది గాని, మై గాని, దిస్ గాని. మనం రాసే తప్పులు చూడండి. "హి ఈజ్ ఇంజనీర్." "ఐ బాట్ బైక్." "షి ఈజ్ గుడ్ టీచర్." ఈ మూడూ తప్పే. ఎందుకు రాస్తామంటే తెలుగులో "మా నాన్న రైతు" అంటాం, "మా నాన్న ఒక రైతు" అనం. "ఒక" పెడితే అదేదో ఉపన్యాసంలా ఉంటుంది. మన భాషలో అదే అందం, కాని ఇంగ్లీషులో వృత్తి చెప్పేటప్పుడు ఎ తప్పనిసరి. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్." వ్యాసం రాశాక చివరి ఐదు నిమిషాలు అర్థం చూడకండి, స్పెల్లింగ్ చూడకండి, ఏకవచన నామాల కింద మాత్రం గీత గీసుకుంటూ పోండి. ఏ గీతకు ముందు ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగండి.

పత్రికల శీర్షికలు చూసి మోసపోవద్దు. "బస్ హిట్స్ లారీ" అని వేస్తారు. చోటు కోసం ఆర్టికల్స్ తీసేయడం వాళ్ల ఆనవాయితీ. నోటీసు బోర్డులదీ అదే తీరు. కింద వార్తలోకి దిగితే ఎ, ది అన్నీ తిరిగి వస్తాయి. వాక్యాలు నేర్చుకోవాలంటే శీర్షిక వదిలి వార్త చదవండి.

లెక్కకు రానివాటి గురించి కొంచెం జాగ్రత్త. నీళ్లు, పాలు, బంగారం అంటే మనకూ తెలుస్తుంది. చిక్కు వచ్చేది తెలుగులో లెక్కపెట్టి ఇంగ్లీషులో లెక్కపెట్టనివాటితో. మనం "ఒక సలహా" అంటాం, అక్కడ "యాన్ అడ్వైస్" లేదు, "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనాలి. న్యూస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, హోమ్‌వర్క్ అన్నీ ఈ కోవలోవే. "ఒక పని ఉంది" అని "ఐ హావ్ ఎ వర్క్" అంటాం, అది "ఐ హావ్ సమ్ వర్క్". జాబ్ మాత్రం లెక్కకు వస్తుంది, "ఎ జాబ్".

ఇక ఎ, యాన్. తర్వాతి మాట ఏ ధ్వనితో మొదలవుతుందో అదే ముఖ్యం, ఏ అక్షరంతో అన్నది కాదు. ఇది అందరూ చెప్తారు. కాని మనకు ప్రత్యేకంగా ఒక అడ్డంకి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మన నోరు మాట మొదట్లో ఎ, ఒ వచ్చినప్పుడు ఊరికే యకారం, వకారం తగిలిస్తుంది. ఎద్దును యెద్దు అంటాం, ఒకటిని వొకటి అంటాం. ఒంటిమిట్ట పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు ఓతో, కొందరు వీతో రాయడం మీరు చూసే ఉంటారు. అదే అలవాటుతో ఎగ్‌ను యెగ్ అంటాం, ఎమ్మెల్యేను యెమ్మెల్యే అంటాం. చెవికి యకారం వినిపిస్తుంది, యకారం హల్లు, కాబట్టి "ఎ యెగ్", "ఎ యెమ్మెల్యే" అని రాసేస్తాం. తప్పు వ్యాకరణంలో లేదు, ఉచ్చారణలో ఉంది. నోటిని సరిచేసుకుంటే చేయి దానంతట అదే సరిపోతుంది. "ఎగ్" అని నోరు తెరిచి నేరుగా అచ్చుతో మొదలుపెట్టండి, "యాన్ ఎగ్" దానికదే వస్తుంది.

దీనికి తిరగేసినది కూడా ఉంది. నిజంగా యకారం ఉన్నచోట అచ్చు అక్షరం కనిపించి యాన్ పెడతాం. యూనివర్సిటీ, యూనిఫాం, యూరోపియన్, యూపీఐ పేమెంట్ అన్నింటికీ ఎ. వన్ అనే మాట వకారంతో మొదలవుతుంది, కాబట్టి "ఎ వన్ డే మ్యాచ్". అవర్, ఆనెస్ట్, ఎయిర్ అంటే వారసుడు, ఆనర్, వీటిలో హెచ్ రాతలో ఉంటుంది గాని పలకదు. "యాన్ అవర్". మనం హవర్ అని పలికితే మళ్లీ తప్పు మొదలవుతుంది.

పొట్టి పేర్లను అక్షరాలుగా పలికి చూసుకోండి. పోలీస్ స్టేషన్‌లో యాన్ ఎస్ఐ, ఎ సీఐ, ఎ డీఎస్పీ. రాసేది యాన్ ఎఫ్ఐఆర్. మండలంలో యాన్ ఎంపీడీవో. ఎక్కేది యాన్ ఆర్టీసీ బస్. ఫోనుకు వచ్చేది యాన్ ఓటీపీ. చదివింది ఎ బీఏ గాని యాన్ ఎమ్మెస్సీ గాని. హెడ్మాస్టరును మనం హెచ్చెమ్ అంటాం, అలా పలికితే ఎ సరిపోయినట్టే అనిపిస్తుంది, కాని పరీక్షల్లో పాటించే ఉచ్చారణలో ఆ అక్షరం "ఎయిచ్", కాబట్టి యాన్ హెచ్ఎం అని రాయండి. ఇంకొకటి, ఆర్టికల్ తన పక్కనున్న మాటనే చూస్తుంది, నామాన్ని కాదు. "యాన్ అంబ్రెల్లా", "ఎ బ్లాక్ అంబ్రెల్లా", "యాన్ ఓల్డ్ బ్లాక్ అంబ్రెల్లా".

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. పాతదనం యాన్‌దే. పాత ఇంగ్లీషులో ఒకటి అనే అర్థమున్న మాటే యాన్ అయింది. తర్వాత హల్లుల ముందు నకారం రాలిపోయి ఎ మిగిలింది. ఆ నకారం యాన్‌దా, తర్వాతి మాటదా అని వాళ్ల జనమే పొరబడిన సందర్భాలున్నాయి. క్రికెట్‌లో అంపైర్ ఒకప్పుడు "నంపైర్". "ఎ నంపైర్" అని వినీ వినీ దాన్ని "యాన్ అంపైర్" అనుకున్నారు, నకారం శాశ్వతంగా పోయింది. ఏప్రన్ కూడా అంతే, మొదట్లో అది నేప్రన్. కాబట్టి ఆర్టికల్‌ను విడిగా బట్టీపట్టకండి, తర్వాతి మాటతో కలిపి ఒకే గుక్కలో పలకండి. అది పుట్టిందే అలా. ఎ ను "ఏ" అని సాగదీయవద్దు, "అ" లాగా తేలికగా వదిలేయాలి. ది అన్నది రాతలో ఒకటే, నోట్లో రెండు. హల్లు ముందు "ద", అచ్చు ముందు "ది". "ద బస్", "ది ఆటో".

మన "ఒక"నూ "ఆ"నూ నేరుగా వన్, దట్ చేయడం ఇంకో అలవాటు. "వన్ మాన్ కేమ్ టు అవర్ హౌస్" అంటే వచ్చింది ఒక్కడే, ఇద్దరు కాదు అని లెక్క చెప్తున్నట్టు ఉంటుంది. మనం చెప్పదలచుకున్నది "ఎ మాన్ కేమ్". తెలుగులో "ఒక మనిషి" వేరు, "ఒక్క మనిషి" వేరు. ఒకకు ఎ, ఒక్కకు వన్. దట్ కూడా అంతే, వేలు పెట్టి చూపించేటప్పుడు దట్, ఊరికే తెలిసినదైతే ది.

తెలుగు తెలిసినవాళ్లకు సులువుగా పట్టుబడేవి రెండున్నాయి. "రోజుకు మూడుసార్లు" అంటే "త్రీ టైమ్స్ ఎ డే". "కిలోకు అరవై రూపాయలు" అంటే "సిక్స్‌టీ రుపీస్ ఎ కిలో". "వారానికి ఒకసారి", "వన్స్ ఎ వీక్". మనం "కు" పెట్టినచోట వాళ్లు ఎ పెడతారు, లేదా యాన్, "గంటకు నలభై కిలోమీటర్లు" అన్నప్పుడు "యాన్ అవర్". రెండోది ఫ్యూ, ఎ ఫ్యూ. పిల్లలు దీన్ని పట్టిక వేసి బట్టీపడతారు, అక్కర్లేదు. "కొందరు వచ్చారు", ఎ ఫ్యూ కేమ్. "వచ్చింది కొందరే", ఫ్యూ కేమ్. ఆ చివరి "ఏ"లో ఉన్న నిట్టూర్పే ఇంగ్లీషులో ఆర్టికల్ లేకపోవడంలో ఉంది. లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే. "బావిలో కొంచెం నీళ్లున్నాయి" అంటే ఎ లిటిల్. "కొంచెమే ఉన్నాయి" అంటే లిటిల్.

పేర్ల దగ్గర మాత్రం తర్కం కొంతే పని చేస్తుంది, మిగతాది గుర్తుపెట్టుకోవాల్సిందే. "ది పెన్నా ఫ్లోస్ త్రూ ది గార్జ్ ఎట్ గండికోట." నదికి ది, ఊరికి లేదు. కొండల వరసలకు ది, "ది నల్లమలాస్", "ది ఈస్టర్న్ ఘాట్స్". ఒంటి శిఖరానికి లేదు, "మౌంట్ ఎవరెస్ట్". సముద్రాలకు ది. ఇండియాకు లేదు, కాని పేరులో కింగ్‌డమ్, స్టేట్స్ లాంటి మాటలుంటే ది. మన ఊళ్లోది "యోగి వేమన యూనివర్సిటీ", ముందు ఏమీ వద్దు. "ది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్"కు కావాలి, ఆఫ్ వచ్చింది కాబట్టి. కబడ్డీ ఆడితే ఏమీ వద్దు, వీణ వాయిస్తే ది. భాష పేరు ఒంటరిగా వస్తే ఏమీ వద్దు, లాంగ్వేజ్ చేరితే ది. దీనికి కడపవాళ్లు మరచిపోలేని ఉదాహరణ ఉంది. 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ 1840లో అచ్చువేయించిన వ్యాకరణం పేరు "ఎ గ్రామర్ ఆఫ్ ది తెలుగు లాంగ్వేజ్". వ్యాకరణాలు ఎన్నైనా రావచ్చు, ఇది వాటిలో ఒకటి, అందుకే ఎ. తెలుగు భాష ఒక్కటే, అందుకే ది.

మొత్తం జాతి గురించి సామాన్యంగా చెప్పేటప్పుడు బహువచనం పెట్టి ఊరుకోండి. "గ్రౌండ్‌నట్స్ గ్రో వెల్ ఇన్ రెడ్ సాయిల్." ది గ్రౌండ్‌నట్స్ అన్నారంటే ఎవరో ఒకరి చేలో శనక్కాయలు. "ది లైఫ్ ఈజ్ హార్డ్" అని రాసేవాళ్లూ ఉన్నారు, అక్కడ ది తీసేయాలి. తెలియనిచోట ది పెడితే గౌరవంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

చివరగా ఒక లీవ్ లెటర్ దిద్దుదాం. మన దగ్గర పిల్లలు రాసేది ఇలా ఉంటుంది. "ఐ యామ్ స్టూడెంట్ ఆఫ్ సెకండ్ ఇయర్. ఐ హావ్ ఫీవర్. ఫాదర్ టుక్ మి టు హాస్పిటల్. డాక్టర్ గేవ్ ఇంజెక్షన్ అండ్ టోల్డ్ మి టు టేక్ ది రెస్ట్. ప్లీజ్ గివ్ మి ఎ లీవ్."

స్టూడెంట్, ఏకవచనం, ముందు ఖాళీ. విద్యార్థుల్లో ఒకరు, కాబట్టి "ఎ స్టూడెంట్". సెకండ్ ఇయర్ అన్నది వరస సంఖ్య, వరసలో రెండోది ఒక్కటే, "ఐ యామ్ ఎ స్టూడెంట్ ఇన్ ది సెకండ్ ఇయర్". ఫీవర్‌కు "ఎ ఫీవర్", హెడేక్‌కు, కోల్డ్‌కు కూడా ఎ పెడతారు. మలేరియా, టైఫాయిడ్ లాంటి రోగాల పేర్లకు పెట్టరు. ఫాదర్‌కు "మై". హాస్పిటల్ దగ్గర ఆలోచించాలి. వైద్యం కోసం చేరడమే అర్థమైతే బ్రిటిష్ ఇంగ్లీషులో ఏమీ పెట్టరు, అమెరికన్ ఇంగ్లీషులో ది పెడతారు. ఏదో ఒక ఆస్పత్రి అనదలచుకుంటే "ఎ హాస్పిటల్". మూడూ ఒప్పే, ఏది చెప్తున్నారో మీకు తెలిసి ఉండాలి. డాక్టరుకు ది, ఆస్పత్రి వెంట వచ్చాడు, ఇందాకటి బస్సు డ్రైవరులాగే. ఇంజెక్షన్ అచ్చుతో మొదలవుతుంది, వినేవారికి కొత్త సంగతి, "గేవ్ మి యాన్ ఇంజెక్షన్". ఇక్కడ రెస్ట్‌ను లెక్కకు రానిదిగానే వాడుతున్నాం, ఏ రెస్టో చెప్పనక్కర్లేదు, ది కొట్టేయండి. లీవ్ కూడా లెక్కకు రాదు, ఎ కొట్టేయండి. ఎన్ని రోజులో చెప్పాలంటే వెనక చెప్పండి, "ప్లీజ్ గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్".